సీడీ రైటర్ ఏ దశలో ఆగింది? – పాఠకుల కంప్యూటర్ సందేహాలు

ఇంటి కంప్యూటర్లలోని సీడీ రైటర్ల గురించి ఈసారి అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం “సీడీ రైట్ కావడం లేదు, డ్రైవ్ పాడైందా?” అన్న ఒక్క మాటతోనే ముగిశాయి. అంతమాత్రం వివరంతో అవుననో కాదనో చెప్పడం సాధ్యం కాదు. పని మొదలవకుండానే ఆగిందా, సగంలో ఆగిందా, చివర్లో డిస్క్‌ను మూసే దశలో ఆగిందా, లేక అంతా సవ్యంగా ముగిసి వేరే చోట మాత్రమే చదవడం లేదా అన్నది తెలిస్తే, కంప్యూటర్ మూత విప్పకుండానే సగం అనుమానాలను పక్కన పెట్టవచ్చు. ఆ వివరాలు రాసిన ఉత్తరాలనే ఇక్కడ ఎంచుకున్నాము.

ప్రశ్న: మా సీడీ రైటర్ కొన్నేళ్లుగా బాగానే పనిచేసింది. ఇటీవల కొత్త బ్లాంక్ సీడీల ప్యాక్ తెచ్చినప్పటి నుంచి, బర్న్ బటన్ నొక్కిన కొద్ది సెకన్లకే “పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్” అని చూపించి ఆగిపోతోంది. అదే డ్రైవ్‌లో పాత సీడీలూ సినిమా డీవీడీలూ చక్కగా నడుస్తున్నాయి. కంప్యూటర్ పవర్ సప్లై మార్చమని తెలిసినవారొకరు సలహా ఇచ్చారు. మార్చమంటారా?

జవాబు: ఇప్పుడే మార్చవద్దు. ఆ సందేశం లేజర్ కిరణం తీవ్రతకు సంబంధించినది. ఒకసారి మాత్రమే రాయగలిగే సీడీలో (సీడీ-ఆర్) పారదర్శకమైన ప్లాస్టిక్ పలకపై సన్నని రంగు పొర ఉంటుంది. 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ లేజర్ ఆ పొరను అక్కడక్కడా వేడి చేసి మచ్చలు పెడితే, వాటినే తరువాత డ్రైవ్ సమాచారంగా చదువుతుంది. కిరణం బలహీనంగా ఉంటే మచ్చ సరిగా పడదు, మరీ తీవ్రంగా ఉంటే మచ్చ విస్తరించి పక్కదానిపైకి పాకుతుంది. సయనిన్, థాలోసయనిన్, అజో వంటి వేర్వేరు రంగులను వేర్వేరు తయారీదారులు వాడుతారు కాబట్టి ప్రతి డిస్క్‌కూ తగిన తీవ్రతను డ్రైవ్ అప్పటికప్పుడే నిర్ణయించుకోవాలి. అందుకోసం డిస్క్ లోపలి అంచున కేటాయించిన చిన్న స్థలంలో కొన్ని మచ్చలు పెట్టి, చదివి చూసుకుంటుంది. ఈ పరీక్షలో ఏ తీవ్రత దగ్గరా సంతృప్తికరమైన ఫలితం రాకపోతే మీరు చూసిన సందేశం వస్తుంది. అసలు సమాచారం రాయడం ఇంకా మొదలే కాలేదన్నమాట.

పాత సీడీలు చదువుతున్నది కాబట్టి రైటర్ బాగుందనుకోవడానికి వీల్లేదు. చదవడానికి అవసరమైన దానికంటే రాయడానికి ఎన్నో రెట్లు ఎక్కువ తీవ్రత కావాలి. వయసు మీరిన లేజర్‌గానీ ధూళి పట్టిన లెన్స్‌గానీ మొదట రాసే పనిలోనే బయటపడుతుంది. అయితే మీ ఉత్తరంలోని ముఖ్యమైన ఆధారం కొత్త ప్యాక్. ఖాళీ డిస్క్‌లోని గాడిలోనే దాని తయారీదారుకు సంబంధించిన సంకేతం ఉంటుంది. డ్రైవ్ తన ఫర్మ్‌వేర్‌లోని (డ్రైవ్‌లోనే ఉండి దానిని నడిపే ప్రోగ్రామ్‌లోని) పట్టికలో ఆ సంకేతాన్ని వెతికి, ఆ రకం డిస్క్‌కు ఎలా రాయాలో తెలుసుకుంటుంది. డ్రైవ్ తయారైన తరువాత మార్కెట్లోకి వచ్చిన డిస్క్ ఆ పట్టికలో ఉండకపోవచ్చు. అప్పుడది సాధారణ పద్ధతిలో ప్రయత్నించి విఫలమవుతుంది. కాబట్టి ముందు వేరే కంపెనీ డిస్క్‌ను, వీలైతే గతంలో మీ డ్రైవ్‌లో బాగా పనిచేసిన రకాన్నే పెట్టి చూడండి. బర్నింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని “మాక్సిమమ్” వద్ద వదిలేయకుండా 16 రెట్లకు (16x) గానీ 24 రెట్లకు (24x) గానీ తగ్గించండి. మరీ కనిష్ఠ వేగానికి దించడం వల్ల అదనపు ప్రయోజనం ఉంటుందని అనుకోవద్దు. అధిక వేగం కోసం తయారైన రంగు పొర మరీ నెమ్మదిగా రాస్తే అంత బాగా స్పందించకపోవచ్చు. డ్రైవ్ తయారీదారు కొత్త ఫర్మ్‌వేర్ విడుదల చేసి ఉంటే, మీ డ్రైవ్ మోడల్ నంబరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయేదే వేసుకోండి. పొరపాటున వేరే మోడల్‌ది వేస్తే డ్రైవ్ పూర్తిగా పనికిరాకుండా పోవచ్చు.

మంచి డిస్క్‌తో, తగ్గించిన వేగంతో కూడా అదే సందేశం వస్తే అప్పుడు లేజర్‌ను అనుమానించాలి. సినిమా డీవీడీలు నడవడం ఈ విషయంలో ఏ భరోసానూ ఇవ్వదు. డీవీడీ చదివే ఎరుపు లేజర్ 650 నానోమీటర్లది, సీడీ పనిచేసే పరారుణ లేజర్ వేరు. ఒకటి క్షీణించినా రెండోది ఏళ్లతరబడి పనిచేయగలదు. డీవీడీ ఆడుతున్నది గనుక డ్రైవ్ నిక్షేపంగా ఉందన్న తీర్పు మరమ్మతు చేసేవారి నోట కూడా వింటుంటాము. దానిని నమ్మవలసిన అవసరం లేదు.

ప్రశ్న: విండోస్ ఎక్స్‌పీ ఉన్న మా పాత కంప్యూటర్‌లో 52 రెట్ల వేగం గల సీడీ రైటర్ ఉంది. మొదట్లో కొద్ది నిమిషాల్లోనే పూర్తయ్యే సీడీకి ఇప్పుడు అరగంట పడుతోంది. ఆ సమయంలో మౌస్ కూడా కదలనంతగా కంప్యూటర్ మొరాయిస్తోంది. కొన్నిసార్లు సగం దాటాక “బఫర్ అండర్‌రన్” అని ఆగిపోయి డిస్క్ వృథా అవుతోంది. యాంటీవైరస్ తీసేసి చూశాను, ఫలితం లేదు.

జవాబు: రాయడం మొదలై సగంలో ఆగుతోంది కాబట్టి లేజర్ తీవ్రతను నిర్ణయించుకునే దశ దాటిపోయింది. సమాచారం హార్డ్ డిస్క్ నుంచి రైటర్‌కు తగినంత వేగంగా అందకపోవడమే మీ ఇబ్బంది. సీడీ వేగంలో ఒక రెట్టు అంటే సెకనుకు 150 కిలోబైట్లు. 52 రెట్లు అంటే సెకనుకు 7,800 కిలోబైట్లు. డ్రైవ్ తనలో ఉన్న బఫర్ అనే చిన్న మెమరీలో కొంత సమాచారాన్ని నిల్వ పెట్టుకుని రాస్తుంది గానీ, చాలా డ్రైవ్‌లలో అది 2 మెగాబైట్లే. లెక్క వేస్తే పూర్తి వేగంలో సెకనులో మూడో వంతు కూడా గడవకముందే ఖాళీ అవుతుంది. డబ్బాపై పెద్ద అక్షరాలతో వేసే ఆ 52 రెట్ల వేగం డిస్క్ బయటి అంచుకు చేరాకే వస్తుంది, లోపలి వైపున అది దాదాపు 22 రెట్ల వద్దే మొదలవుతుంది. ఆరంభంలో లేని ఇబ్బంది సగం దాటాక తలెత్తడానికి ఇదొక కారణం.

కంప్యూటర్ మొత్తం మొరాయిస్తోందని రాశారు. అసలు జాడ అక్కడుంది. ఐడీఈ అనే వెడల్పాటి రిబ్బన్ కేబుల్‌తో కలిపిన డ్రైవ్ సాధారణంగా డీఎంఏ అనే పద్ధతిలో, ప్రాసెసర్‌పై భారం వేయకుండా సమాచారాన్ని నేరుగా మెమరీ నుంచి తీసుకుంటుంది. అయితే ఆ మార్గంలో లోపాలు ఆరుసార్లు నమోదైతే విండోస్ ఎక్స్‌పీ మెల్లమెల్లగా వేగాన్ని తగ్గిస్తూ, చివరకు పీఐఓ అనే పాత పద్ధతికి దిగిపోతుంది. ఆ పద్ధతిలో ప్రతి ముక్కనూ ప్రాసెసరే మోయాలి. గీతలు పడిన ఒక సీడీని చదవడానికి డ్రైవ్ పదేపదే ప్రయత్నించి విఫలమైనా ఈ లెక్కలోకే చేరుతుంది. ఆ తరువాత మంచి సీడీ పెట్టినా విండోస్ తనంతట తాను తిరిగి పై పద్ధతికి రాదు. విండోస్‌లోని వింత నిర్ణయాల్లో ఇదొకటని నా అభిప్రాయం, ఎందుకంటే ఈ మార్పు జరిగినట్లు వాడుకరికి ఎక్కడా తెలియజేయదు.

నిర్ధారించుకోవడానికి డివైస్ మేనేజర్ తెరిచి, “ఐడీఈ ఏటీఏ/ఏటీఏపీఐ కంట్రోలర్స్” కింద సీడీ రైటర్ ఉన్న ఛానల్‌ను ఎంచుకోండి. చాలా ఇళ్లలో అది సెకండరీ ఛానలే. దాని ప్రాపర్టీస్‌లో “అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్” చూడండి. “కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్” ఎదురుగా అల్ట్రా డీఎంఏ అని ఉండవలసిన చోట పీఐఓ అని కనిపిస్తే దోషి దొరికినట్లే. అక్కడే ఆ ఛానల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తే, విండోస్ దానిని మళ్లీ కొత్తగా గుర్తించి డీఎంఏతో మొదలుపెడుతుంది. ఆ తరువాత కొద్ది వారాలకే మళ్లీ పీఐఓకు దిగితే లోపాలు నిజంగానే పుడుతున్నాయని అర్థం. అప్పుడు రిబ్బన్ కేబుల్ మార్చాలి. పాత 40 తీగల కేబుల్ స్థానంలో 80 తీగలది, 45 సెంటీమీటర్లకు మించని పొడవుది వేయండి. హార్డ్ డిస్క్, రైటర్ రెండూ ఒకే కేబుల్‌పై ఉంటే వేరు చేయండి. ఐడీఈలో ఒకే కేబుల్‌పై ఉన్న రెండు పరికరాలు ఏకకాలంలో సమాచారం పంపలేవు. వేరు చేసేటప్పుడు వెనుకనున్న మాస్టర్, స్లేవ్ జంపర్లను (కేబుల్‌పై ఏది మొదటి పరికరమో ఏది రెండోదో తెలిపే చిన్న క్లిప్పులను) సరిచూసుకోండి. ఐడీఈ తరువాత వచ్చిన సన్నని సాటా కేబుల్ ఉన్న కంప్యూటర్లకు ఈ జంపర్ల బెడద లేదు.

2000 ప్రాంతం నుంచి వచ్చిన రైటర్లలో, సాన్యో సంస్థ రూపొందించిన బర్న్-ప్రూఫ్ వంటి రక్షణ ఉంటుంది. బఫర్ ఖాళీ అవుతుంటే రాయడం ఆపి, నిండాక ఆగినచోటి నుంచే కొనసాగిస్తుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ ఎంపికకు టిక్కు ఉందో లేదో కూడా చూడండి. వేలకొద్దీ చిన్న ఫైళ్లు రాయవలసి వస్తే ముందుగా హార్డ్ డిస్క్‌లోనే ఇమేజ్ (డిస్క్ మొత్తానికి నకలైన ఒకే ఫైలు) తయారుచేసి, దానిని డిస్క్‌కు రాయడం సురక్షితం.

ప్రశ్న: వాడని బర్నింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి తీసేశాక మై కంప్యూటర్‌లో సీడీ డ్రైవ్ బొమ్మే కనిపించడం లేదు. ట్రే మాత్రం బటన్ నొక్కితే తెరుచుకుంటోంది.

జవాబు: ట్రే తెరుచుకోవడం డ్రైవ్‌కు కరెంటు అందుతోందని మాత్రమే చెబుతుంది. కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు విండోస్ కంటే ముందు వచ్చే బయాస్ తెరపై డ్రైవ్ పేరు కనిపిస్తే కేబుల్ కూడా బాగుందని తేలుతుంది. తరువాత డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ పక్కన పసుపు రంగు గుర్తు ఉండి, ప్రాపర్టీస్‌లో కోడ్ 19, 31, 32, 39 లేదా 41 అని చూపిస్తే, తీసేసిన సాఫ్ట్‌వేర్ తన ఫిల్టర్ డ్రైవర్ల (విండోస్‌కూ సీడీ డ్రైవ్‌కూ మధ్య చేరే చిన్న ప్రోగ్రామ్‌ల) పేర్లను విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలో వదిలి వెళ్లిందని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. లేని డ్రైవర్ కోసం వెతికి విండోస్ అక్కడే ఆగిపోతోంది.

ముందుగా సిస్టమ్ రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి. రిజిస్ట్రీని మార్చే రెజ్‌ఎడిట్ తెరిచి, లోకల్ మెషీన్ కింద సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, క్లాస్ వరుసలో వెళ్లి, 4డీ36ఈ965తో మొదలయ్యే కీని ఎంచుకోండి. కుడివైపు క్లాస్ అన్న పేరు ఎదురుగా సీడీరోమ్ అని ఉంటే సరైన చోటికి చేరినట్లు. అక్కడ “అప్పర్ ఫిల్టర్స్”, “లోయర్ ఫిల్టర్స్” అన్న రెండు విలువలను మాత్రమే తొలగించి రీస్టార్ట్ చేయండి. పక్కనే ఉన్న కీలలోనూ ఇవే పేర్లు ఉంటాయి. వాటిని ముట్టుకుంటే కీబోర్డో హార్డ్ డిస్కో పనిచేయకుండా పోయే ప్రమాదం ఉంది కాబట్టి, ఈ పని తొందరలో చేయదగినది కాదు. ఆ ఫిల్టర్లపై ఆధారపడిన మరో ప్రోగ్రామ్ ఉంటే దానిని తిరిగి ఇన్‌స్టాల్ చేయవలసి రావచ్చు.

ప్రశ్న: నేను రాసిన పాటల సీడీ నా కంప్యూటర్‌లో చక్కగా వినిపిస్తుంది. మ్యూజిక్ ప్లేయర్‌లో పెడితే “నో డిస్క్” అంటోంది. బర్నింగ్ ముగిసినప్పుడు విజయవంతమైందనే చూపింది.

జవాబు: ఇందులో రైటర్ తప్పు ఉండే అవకాశం బాగా తక్కువ. ఎలాంటి సీడీ రాశారన్నదే ప్రధానం. ఎంపీ3 ఫైళ్లను మామూలు ఫైళ్లలాగా కాపీ చేసి ఉంటే అది డేటా సీడీ. ఆడియో సీడీని మాత్రమే తెలిసిన ప్లేయర్‌కు దానిలో పాట కనిపించదు. బర్నింగ్ సాఫ్ట్‌వేర్‌లో “ఆడియో సీడీ” అన్న ఎంపిక తీసుకుంటే, అది పాటలను సెకనుకు 44,100 నమూనాల 16 బిట్ల రూపంలోకి మార్చి ట్రాక్‌లుగా రాస్తుంది. అప్పుడు ఒక డిస్క్‌లో పట్టేది ఫైళ్ల పరిమాణాన్ని బట్టి కాక పాటల నిడివిని బట్టి, 80 నిమిషాలకు పరిమితమవుతుంది. వందకు పైగా ఎంపీ3లు పట్టిన డిస్క్‌లో ఇప్పుడు పదిహేనో ఇరవయ్యో పాటలే పడుతున్నాయని కొందరు దీనినే లోపంగా భావించి రాస్తుంటారు.

ఆడియో సీడీగానే రాసి ఉంటే డిస్క్‌ను మూశారా లేదా చూడండి. డిస్క్ మొదట్లో విషయసూచికనూ, చివర ముగింపు గుర్తునూ రాయడాన్నే ఫైనలైజ్ చేయడం అంటారు. అది జరగని డిస్క్‌ను రాసిన రైటర్ చదవగలదు, మామూలు ప్లేయర్ చదవలేదు. సాఫ్ట్‌వేర్‌లో “డిస్క్-ఎట్-వన్స్” పద్ధతిని ఎంచుకుంటే ఆదినుంచి అంతం వరకు లేజర్ ఆగకుండా రాసి డిస్క్‌ను మూసేస్తుంది.

మూడో అవకాశం మీరు మళ్లీ మళ్లీ రాయగలిగే సీడీ-ఆర్‌డబ్ల్యూ వాడి ఉండటం. అచ్చు వేసిన సీడీ తనపై పడిన కాంతిలో 70 శాతానికి పైగా వెనక్కు పంపుతుంది, సీడీ-ఆర్‌డబ్ల్యూ 15 నుంచి 25 శాతం మాత్రమే పంపుతుంది. ఆ మసక వెలుగును గుర్తించే సామర్థ్యం పాత ప్లేయర్లలో లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పు చేసినా ఈ విషయంలో ఉపయోగం లేదు, మామూలు సీడీ-ఆర్ వాడవలసిందే.

విండోస్ 7, ఆ తరువాతి విండోస్‌లలో ఖాళీ డిస్క్ పెట్టగానే రెండు దారులు చూపుతుంది. “యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ లాగా” అన్నది మీ కంప్యూటర్‌లో వాడుకోవడానికి సౌకర్యమే గానీ, ఇతరులకు ఇచ్చే డిస్క్‌లకు, ప్లేయర్లలో పెట్టే డిస్క్‌లకు రెండోదైన “సీడీ/డీవీడీ ప్లేయర్‌తో” అన్నదే తీసుకోవాలి.

ప్రశ్న: 700 మెగాబైట్ల సీడీలో అప్పుడప్పుడు ఫొటోలు చేరుస్తూ వచ్చాను. ఫొటోల మొత్తం 500 మెగాబైట్లు కూడా లేదు. అయినా స్థలం చాలదంటోంది. డిస్క్ నకిలీదా?

జవాబు: కాకపోవచ్చు. మీరు చేర్చిన ప్రతిసారీ డిస్క్‌పై ఒక సెషన్ మొదలై మూతపడుతుంది. మొదటి సెషన్‌ను మూయడానికి సుమారు 22 మెగాబైట్లు, ఆ తరువాతి ప్రతి సెషన్‌కు సుమారు 13 మెగాబైట్లు ఫొటోలతో సంబంధం లేకుండా ఖర్చవుతాయి. పదిహేను సార్లు చేరిస్తే దాదాపు 200 మెగాబైట్లు ఇలాగే పోతాయి. ఫొటోలను హార్డ్ డిస్క్‌లో కూడబెట్టి ఒకేసారి రాయండి.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీతో కలిపే సన్నని రైటర్ సీడీలు చదువుతుంది గానీ, రాయడం మొదలవగానే డిస్‌కనెక్ట్ అవుతుంది.

జవాబు: మొదటి జవాబులో వద్దన్న కరెంటు అనుమానం ఇక్కడ న్యాయమైనదే. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వగలిగేది 500 మిల్లీ ఆంపియర్లు. డిస్క్ వేగం పుంజుకుంటూ లేజర్ కూడా పూర్తి తీవ్రతకు చేరే క్షణంలో అది చాలకపోవచ్చు. హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్ పోర్టుకు కలపండి. రెండు ప్లగ్గులున్న కేబుల్ డ్రైవ్‌తో వచ్చి ఉంటే రెండింటినీ కలపండి, లేదా 900 మిల్లీ ఆంపియర్లు ఇచ్చే యూఎస్‌బీ 3.0 పోర్టు వాడండి. పొడవైన ఎక్స్‌టెన్షన్ కేబుళ్లు పనికిరావు.

ప్రశ్న: కొన్నేళ్ల క్రితం రాసుకున్న సీడీలు కొన్ని ఇప్పుడు తెరుచుకోవడం లేదు. లెన్స్ క్లీనర్ డిస్క్ వాడితే సరిపోతుందా?

జవాబు: లోపం డ్రైవ్‌దో డిస్క్‌దో ముందు తేల్చుకోండి. కంపెనీ అచ్చు వేసిన సీడీలు కూడా తడబడుతూ చదువుతుంటే లెన్స్‌పై ధూళి ఉండవచ్చు. అప్పుడు చిన్న కుచ్చు ఉన్న క్లీనర్ డిస్క్‌ను ఒకసారి వాడి చూడవచ్చు. తరచుగా వాడితే సున్నితమైన లెన్స్ పట్టు సడలే ప్రమాదం ఉంది. మీరు రాసుకున్నవి మాత్రమే తెరుచుకోకపోతే డిస్క్‌లనే పరిశీలించాలి.

చాలామంది అడుగు వైపు గీతలకే భయపడుతారు. ఆ వైపు 1.2 మిల్లీమీటర్ల మందాన ప్లాస్టిక్ రక్షణగా ఉంటుంది. అసలు ప్రమాదం పేరు రాసే వైపు ఉంది, ఎందుకంటే అక్కడ రంగు, లోహపు పొరలకూ బయటి గాలికీ మధ్య అడ్డుగా ఉన్నది పలుచని లక్క పూత మాత్రమే. బాల్‌పాయింట్ పెన్నుతో గట్టిగా రాసినా, అంటించిన కాగితపు లేబుల్‌ను పీకినా ఆ పొర లేచిపోతుంది. డిస్క్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే చిన్న చిన్న రంధ్రాల్లాంటివి కనిపిస్తే అక్కడి సమాచారం తిరిగి రాదు.

అలాంటివి లేకపోతే మెత్తని బట్టతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి, గుండ్రంగా తిప్పి తుడవవద్దు. గాడి వెంబడి పడిన గీత వరుసగా చాలా సమాచారాన్ని మింగుతుంది. గాడికి అడ్డంగా పడిన గీతను లోపాలను సరిదిద్దే ఏర్పాటు సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర వరకు తట్టుకోగలదు. తుడిచాక ఆ డిస్క్‌లను రాసిన డ్రైవ్‌లోనే, అది లేకపోతే వేరే కంపెనీ డ్రైవ్‌లలో పెట్టి చూడండి. ఒకటి చదవలేని మసక డిస్క్‌ను మరొకటి చదవడం సాధారణమే. తెరుచుకున్న మరుక్షణం, ఒక్కొక్క ఫైలునూ తెరిచి చూస్తూ కూర్చోకుండా, మొత్తాన్ని హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. మధ్యలోని రంధ్రం దగ్గర చీలిక కనిపించిన డిస్క్‌ను మాత్రం ఏ డ్రైవ్‌లోనూ పెట్టవద్దు. అధిక వేగంలో అది లోపలే ముక్కలై, ఇంతవరకు బాగున్న డ్రైవ్‌ను కూడా పాడుచేస్తుంది.